రైల్వే టైమ్: పద్దెనిమిదేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది ఏదో ఒక రైలు గురించో బోగీ గురించో కాదు. రైళ్ళ పుణ్యమా అని మనకు అలవాటైన గడియారం గురించి. ఇరవై నాలుగు గంటల లెక్క, అందరూ రైల్వే టైమ్ అంటారే, అది. పద్దెనిమిదేళ్ళుగా వాడుతున్నా. ఫోన్లో అదే, చేతి వాచీలో అదే, ఇంట్లో వాళ్ళు ఎంత తిట్టినా పోయిన వారం దాకా వంటింటి గోడ మీద కూడా అదే. "పదిహేడున్నర అంటే ఎంతరా?" అని నాన్న ఇప్పటికీ అడుగుతాడు. పన్నెండు తీసెయ్ నాన్నా అంటే, "టైము చూడ్డానికి కూడా తీసివేతలు చెయ్యాలా" అంటాడు.

వాడటం మొదలుపెట్టిన కొత్తలో దీన్ని తెగ మెచ్చుకుంటూ రాశాను. పొద్దున ఏడా, సాయంత్రం ఏడా అన్న గొడవే ఉండదు, తికమకకి చోటే లేదు అన్నాను. ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. పగలంతా లేదు. రాత్రి పన్నెండు దాటాక ఉంది.

జరిగిందిది. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి బండెక్కి తెల్లారేసరికి అక్కావాళ్ళింట్లో ఉండాలని ప్లాను. శుక్రవారం 14వ తేదీ. బండి 00:25కి. టికెట్ 14కి తీశాను. ఇక్కడికే విషయం అర్థమై నవ్వుకుంటున్నవాళ్ళలో సగం మందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుందని నా అనుమానం.

23:35కే స్టేషన్లో ఉన్నా. బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా ఎర్రంకెల గడియారం. చూస్తుండగానే 23:59 పోయి 00:00 పడింది, దాని కింద 14 పోయి 15 వచ్చింది. కళ్ళారా చూశాను. ఇంకో ఇరవై ఐదు నిమిషాలే అనుకున్నాను తప్ప, నా టికెట్ మీదున్న తేదీ ఇప్పుడే నా కళ్ళముందే అయిపోయిందని బుర్రకి తట్టలేదు. బండి నిమిషం ఆలస్యం లేకుండా వచ్చింది, సరిగ్గా ఆ రోజే.

లోపలికి వెళ్తే నా బెర్త్ మీద ఓ పెద్దాయన ముసుగుతన్ని పడుకున్నాడు. "ఏవండీ, ఇది నాదండీ" అని లేపాను. ఆయన టికెట్ చూపించాడు, నేను నాది చూపించాను. అదే బోగీ, అదే నంబరు. ఒక్క బెర్త్ ఇద్దరికెలా ఇస్తారని నేను గొంతు పెంచాను, పై బెర్తుల వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు, ఒకాయన నా తరఫున మాట్లాడటం కూడా మొదలెట్టాడు. పెద్దాయన మాత్రం నా ఫోన్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నింపాదిగా చదివి, "బాబూ, నీ బండి నిన్న రాత్రే వెళ్ళిపోయింది" అన్నాడు. ఆ గొంతులో వెటకారమన్నా ఉంటే బాగుండేది, కనీసం పోట్లాడేవాణ్ణి. ఈలోగా వచ్చిన టీసీ టికెట్ వైపు అర సెకను చూసి, "పన్నెండు దాటాక బండి కదా సార్, ఇలా వస్తూనే ఉంటారు" అని, ఖాళీలు లేవని కూడా చెప్పేశాడు. నేను హడావిడిగా దిగుతుంటే మర్చిపోయిన బ్యాగు కిటికీలోంచి అందించింది కూడా ఆ పెద్దాయనే. తెల్లవారేదాకా అదే బెంచీ, అదే ఎర్రంకెల గడియారం. పొద్దున బండికి వెళ్ళాననుకోండి, అక్క ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "ఈరోజు తేదీ ఎంతో చెప్పు" అనే మొదలెడుతుంది.

తప్పు నాదే, కాదనను. కానీ మనం మాట్లాడేటప్పుడు ఏమంటాం? "శుక్రవారం రాత్రి ఒంటిగంటకి పడుకున్నా" అంటాం. పడుకుని లేచేదాకా మనకి అది అదే రోజు. నిద్ర మధ్యలో రోజు మారుతుందని గడియారం ఒప్పుకుంటుంది గానీ మనిషి ఒప్పుకోడు.

ఆ రాత్రి బెంచీ మీద ఉక్రోషంతో ఈ గడియారం ఎక్కణ్ణించి వచ్చిందా అని చదవడం మొదలెట్టాను. రైళ్ళకి ముందు ఏ ఊరి మిట్టమధ్యాహ్నం ఆ ఊరిదే. ఇంగ్లండులో బ్రిస్టల్ గడియారం లండన్ కంటే పది నిమిషాలు వెనక ఉండేది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రైలు వచ్చాక ఇబ్బంది మొదలైంది. ఒకే పట్టా మీద ఎదురెదురుగా బళ్ళు నడిపేటప్పుడు ఇద్దరు గార్డుల వాచీల మధ్య నాలుగు నిమిషాల తేడా ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లోనే లండన్ టైముకి మారిపోయింది. బ్రిస్టల్ వాళ్ళు మాత్రం వెంటనే లొంగలేదు. అక్కడి కార్న్ ఎక్స్ఛేంజి భవనం గడియారానికి రెండు నిమిషాల ముళ్ళుంటాయి, ఒకటి ఊరి టైముకి, రెండోది రైలు టైముకి. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఆ రెండో ముల్లే.

అమెరికాలో ఇంకా విడ్డూరం. 1883 నవంబరు 18న రైలు కంపెనీలే కూడబలుక్కుని దేశమంతా గడియారాలు మార్చేశాయి, కొన్ని ఊళ్ళలో ఆ రోజు మధ్యాహ్నం రెండుసార్లు అయింది. దానికి చట్టం వచ్చింది 1918లో, అంటే ముప్పై ఐదేళ్ళు అక్కడి జనం కంపెనీలు పెట్టిన టైముతోనే బతికారన్నమాట! మన దేశంలోనూ ఇంతే, 1906లో ఒకే టైము రాకముందు రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి. బొంబాయి మాత్రం తన టైముని 1955 దాకా పట్టుకుని వేలాడింది. రైలు దూరాన్ని తగ్గించిందంటారు, అది అందరికీ తెలిసిందే. ప్రతి ఊరికీ ఉన్న సొంత మధ్యాహ్నాన్ని తీసేసుకుందని మాత్రం ఎవరూ అనరు. అది లాభమా నష్టమా అంటే నేను తేల్చలేను, ఫోన్లో చూసి బతికేవాణ్ణి.

అసలు కడుపు మండిన సంగతి ఇప్పుడు. ఈ ఇరవై నాలుగు గంటల లెక్క కోసం బాగా పోరాడినవాళ్ళలో శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ అనే కెనడా రైల్వే ఇంజినీరు ఒకడు. ఎందుకంటే 1876లో ఐర్లండులో ఆయనకి ఒక రైలు తప్పిపోయింది. టైంటేబుల్లో ఏఎం ఉండాల్సిన చోట పీఎం అచ్చయిందట. ఇంకెవరికీ ఈ గతి పట్టకూడదని పట్టుబట్టాడు. ఇటలీ రైళ్ళు 1893లో ఈ లెక్కకి మారాయి, బ్రిటిష్ రైల్వే అయితే 1964లో. ఆయన బండి తప్పిపోయినందుకు కనిపెట్టిన మందు నాకు బండి తప్పించింది.

ఇంకోటి, ఇది తెలిసి నిజంగా ఆశ్చర్యపోయాను. బస్సుల, రైళ్ళ వేళల్ని యాప్‌లకి అందించడానికి జీటీఎఫ్ఎస్ అని ఒక పద్ధతి ఉంది. అందులో అర్ధరాత్రి దాటినా రోజు మార్చరు, లెక్కపెట్టుకుంటూ పోతారు. ముందు రోజు మొదలైన బండి రాత్రి ఒకటిన్నరకి ఓ స్టేషనుకి వస్తే 25:30 అని రాస్తారు. జపాన్ టీవీ వాళ్ళు కూడా అర్ధరాత్రి కార్యక్రమాలకి 25 గంటలు అని వేస్తుంటారు. నా టికెట్ మీద "14వ తేదీ 24:25" అని ఉండుంటే నేను బెంచీ మీద పడుకునేవాణ్ణి కాదు. యంత్రాలకి ఇచ్చిన సుఖం మనుషులకి ఎందుకు ఇవ్వరో మరి.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, 00తోనో 01తోనో మొదలయ్యే బండికి టికెట్ తీసేముందు "ఏ రోజు రాత్రి భోంచేసి బయల్దేరాలి?" అని పైకే అనుకుంటాను. దానికి మరుసటి తేదీ వేస్తాను. రెండేళ్ళుగా పనిచేస్తోంది.

వాడమంటారా అంటే, నాలాగా షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, పగలు పడుకుని లేచి ఇది పొద్దునా సాయంత్రమా అని తెల్లమొహం వేసేవాళ్ళు కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు. పగటి బళ్ళే ఎక్కేవాళ్ళకి పెద్ద తేడా ఏమీ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం వంటింటి గడియారం జోలికి వెళ్ళకండి, నేను పోయిన వారమే దాన్ని మళ్ళీ పన్నెండుకి మార్చేశాను. వచ్చే నెల 00:50 బండికి టికెట్ ఉంది, తేదీ ఇప్పటికి మూడుసార్లు చూసుకున్నా, ఒకసారి అక్కకి కూడా పంపి చూడమన్నా.