నికోటిన్ గమ్: పన్నెండు వారాలు పూర్తిగా వాడాక

సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్ పనికొస్తుందా అంటే, సగం పనికి వస్తుంది. మిగతా సగం టీ కొట్టు దగ్గర ఉంటుంది. ఆ సంగతి తెలియక చాలామంది రెండు స్ట్రిప్పులు నమిలేసి, లాభం లేదని పక్కన పడేస్తారు.

ముందు మోతాదు. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మి.గ్రా., కాస్త ఆగి వెలిగించేవాళ్లకు 2 మి.గ్రా. మన దగ్గర 2 మి.గ్రా. చీటీ లేకుండానే ఇస్తారు, 4కి డాక్టరు చీటీ కావాలి. ఆ బద్ధకంతో 2తో సరిపెట్టుకుంటే మొదటి వారమే చేతులెత్తేస్తారు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు ఎలాగూ డాక్టరుని అడగాల్సిందే.

నమలడంలోనే అసలు తప్పు జరుగుతుంది. మెల్లగా కొరుకుతుంటే కాసేపటికి మిరియం నలిగినట్టు చురుక్కుమంటుంది. అక్కడ ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టేయాలి. చురుకు తగ్గాక మళ్లీ రెండు మూడు కొరుకులు, ఈసారి అవతలి బుగ్గలో. ఇలా అరగంట. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ ఉమ్ముతో పాటు కడుపులోకి పోయి ఎక్కిళ్లు, గుండెమంట, వికారం. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగాక పావుగంట దాకా వేసుకోవద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గలోంచి సరిగా ఇంకదు.

మొదటి ఆరు వారాలు గంటా రెండు గంటలకొకటి, 7 నుంచి 9 వారాల్లో రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. రోజుకు 24 దాటకూడదు.

ఇక మనసు. పొగతో వెళ్లిన నికోటిన్ సెకన్లలో మెదడుకు చేరుతుంది; గమ్‌కి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. సిగరెట్ మీదికి మనసు లాగడం మాత్రం చాలాసార్లు మూడు నుంచి ఐదు నిమిషాలే. అంటే లాగినప్పుడు వేసుకున్న గమ్ ఆ పూటకి ఆలస్యమే, ముందే వేసి ఉండాలి. పదకొండింటికి టీ అయితే పదింపావుకి గమ్ వేసి, పావు తక్కువ పదకొండుకి ఉమ్మేసి బయల్దేరాలి. అక్కడ పాన్ డబ్బాకి వేలాడే లైటర్ కనబడని వైపు నిలబడి, సిగరెట్ పట్టే చేత్తోనే గ్లాసు పట్టుకోవాలి. చెయ్యి ఖాళీగా ఉంటే జేబులోకి పోతుంది. మొదటి పది రోజులు టీ పార్శిల్ తెప్పించుకోవడం ఇంకా మేలు. పాన్ రుచి గమ్ మాత్రం కొనొద్దు, అది కిళ్లీ కొట్టునే గుర్తుచేస్తుంది.

పొద్దున్నే సిగరెట్ లేనిదే బాత్రూమ్ పని కాదనేది ఉత్త నమ్మకం కాదు. మానిన కొత్తలో మలబద్ధకం నిజంగానే వస్తుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి అరటిపండు, రోజూ కాస్త నడక చాలు. దీనికోసం మళ్లీ వెలిగించినవాళ్లు తక్కువేం కాదు.

కాఫీ సంగతి ఎవరూ చెప్పరు. పొగ వల్ల లివర్ కెఫీన్‌ని వేగంగా కరిగిస్తుంది. పొగ ఆగితే అవే నాలుగు కప్పులు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. చేతులు వణుకు, గుండె దడ, నిద్ర లేకపోవడం. ఇదంతా సిగరెట్ లేక అనుకుంటారు. నికోటిన్ గమ్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే లివర్‌ని తొందరపెట్టేది నికోటిన్ కాదు, పొగలోని వేరే పదార్థాలు. కప్పులు సగం చేయాలి.

మందు సిట్టింగ్‌కి గమ్ చాలదు. మొదటి నెల వెళ్లకపోవడమే.

ఎప్పుడో "ఒక్కటేగా" అని ఒకటి కాలిస్తే, గమ్ లెక్క మొదటికి తేవక్కర్లేదు. మిగిలిన సిగరెట్ పెట్టె నీళ్లలో ముంచి పారేసి, తర్వాతి గమ్ టైముకే వేసుకోవాలి. "సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతా" అనేవాళ్లు సోమవారం దాకా కాలుస్తారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే సిగరెట్ పెట్టె మీదే ఉన్న క్విట్‌లైన్ (మానేవాళ్లకు సాయం చేసే ఫోన్ నంబరు) 1800-11-2356 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

గమ్‌లోనూ లోపాలున్నాయి: దవడ నొప్పి, కట్టుడు పళ్లకు అతుక్కోవడం, పదో వారానికి గమ్మే అలవాటైపోవడం. అప్పుడు బిళ్లని సగానికి కోసి వాడి, మధ్యమధ్య సోంపుతో నడపొచ్చు. వక్కపొడి మాత్రం వద్దు, వక్క కూడా క్యాన్సర్ కారకమే.