వాగ్దాన కార్డుల పెట్టె: కోనసీమ నుండి ఒక సమీక్ష

గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాలలో కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దాన కార్డు, అంటే దేవుని వాగ్దానమున్న బైబిలు వాక్యం ముద్రించిన కార్డు, తీసుకోవడం అందరికీ తెలిసిన ఆనవాయితీ. రాజమహేంద్రవరంలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో కొన్న ఈ పెట్టెను మేము కిందటి సంవత్సరం నుండి కుటుంబ ప్రార్థనలో వాడుతున్నాము.

దీని విశేషమంతా కార్డు వెనుక వైపున ఉన్నది. ముందు వైపు వాక్యం ఉంటే, ఆ మాట ఎవరితో, ఎటువంటి కష్టంలో చెప్పబడిందో వెనుక క్లుప్తంగా ముద్రించారు. మీ విషయమై నావి సమాధానకరమైన ఉద్దేశాలేనని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 గోడ క్యాలెండర్లలో ఎంతో కనిపిస్తుంది గాని, అది బబులోను చెరలో బందీలుగా ఉన్న యూదులకు పంపిన లేఖలోనిదని, దానికి ముందు వచనంలోనే వారు తిరిగి రావడానికి 70 సంవత్సరాల గడువు ఉన్నదని, అంతవరకు అక్కడే ఇండ్లు కట్టుకొని తోటలు నాటుకొమ్మని దేవుడు చెప్పాడని తెలిసినప్పుడే, ఆలస్యం ఆయన మాట తప్పడం కాదని మనసుకు పడుతుంది.

సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక పనల మీదున్న వరి తుపాను వానకు తడిసి మొలకలెత్తిన రోజుల్లో, మా చేతికి హబక్కూకు 3:17-18 కార్డు వచ్చింది. చేను పంటకు రాకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న ఆ మాటలను నాన్నగారు రెండోసారి చదివించుకొని, "పంట వస్తుందని కాదమ్మా ఇందులో చెప్పింది, రాకపోయినా ఆయన మారడని" అన్నారు. రంగు మారిన ధాన్యాన్ని కొనేవారి కోసం తిరుగుతున్న ఆయన నోట ఆ మాట విన్నాక, ఈ పెట్టెకు పెట్టిన ఖర్చు గురించి నేను మళ్లీ ఆలోచించలేదు.

అయితే ఈ శ్రద్ధ అన్ని కార్డులలోనూ లేదు. ద్వితీయోపదేశకాండము 28:13లో "తలగా నియమించును" అన్న భాగాన్ని మాత్రమే వేసి, ఆజ్ఞలను అనుసరించి నడవాలని అదే వచనంలో ఉన్న షరతును వదిలేశారు. కష్టంలో ఉన్నవాడు సగం వాగ్దానాన్ని పట్టుకొని, అది నెరవేరలేదని దేవుణ్ణి అనుమానించే ప్రమాదం ఇక్కడే ఉన్నది. వాగ్దాన ఫలాన్ని చూడకుండానే విశ్వాసంతో మరణించినవారిని గురించిన హెబ్రీయులకు 11:13 కూడా తప్పక ఉండవలసింది.

అట్ట వానాకాలపు చెమ్మకు మెత్తబడి అంచులు వంకర పోతున్నది. వెనుక వైపు అక్షరాలు పెద్దవారికి కళ్లజోడుతోనూ కష్టమే. అయినా చదివి వినిపించేవారు ఉన్న ఇంటికి నిస్సందేహంగా కొనమంటాను, కాకపోతే కార్డులను మూత గట్టిగా పట్టే డబ్బాలోకి మార్చుకోవాలి.