ఎడిన్‌బరోలో అమ్మకు దొరికిన పెరడు

అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి లండన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు జూన్‌లో వారం రోజులు స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో తీసుకెళ్లాం. మొదటి రెండు రాత్రులు వేవర్లీ స్టేషన్ దగ్గర హోటల్లో దిగాం. శుభ్రంగా ఉంది, తిరగడానికీ వీలే. కానీ వంటకు దారి లేదు. రెండో రోజుకే నాన్నకు బ్రెడ్డు మొహం మొత్తింది.

మిగతా రోజులకు ఆ ఊళ్లోనే స్టాక్‌బ్రిడ్జ్ అనే పేటలో సామానుతో సహా ఒక బెడ్రూం ఫ్లాట్ తీసుకున్నాం. జార్జియన్ కాలపు, అంటే 18, 19 శతాబ్దాల నాటి రాతి ఇల్లు. వీధిలోంచి మెట్లు దిగితే మా వాటా; నేల వాలు వల్ల వెనకవైపు వంటింట్లోంచి తిన్నగా పెరట్లోకి తలుపు.

ఆ తలుపు గురించి ముందే గట్టిగా అడిగాను. ఆ చుట్టుపక్కల చాలా తోటలు చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ ఉమ్మడి, తాళంచెవి ఉంటేనే లోపలికి వెళ్లగలం. ‘ప్రైవేట్ గార్డెన్’ అంటే అదీ కావచ్చు. ఫోటో తెప్పించుకున్నాకే డబ్బు కట్టాను. ఇంకో మాట, స్కాట్లాండ్‌లో ఇలా రోజులకు అద్దెకిచ్చేవాళ్లకు లైసెన్స్ తప్పనిసరి. ప్రకటనలో ఆ నంబర్ లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి.

ఉదయం నాలుగున్నరకే తెల్లారిపోయేది. కిటికీలకు పాతకాలపు చెక్క తలుపులుండబట్టి మేం నిద్రపోయాం. అమ్మ మాత్రం కాఫీ గ్లాసుతో పెరట్లో ఉండేది. చీర తీగమీద ఆరేసుకుని, గోడవారన గులాబీల దగ్గర కూర్చునేది. లండన్‌లో మా మూడో అంతస్తు ఇంట్లో నెలరోజులుగా ఆమె అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు వెలుతురు ఉండగానే అక్కడే పప్పు, ఆవకాయ, అన్నం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇద్దరు స్నానం చేస్తే వేడినీళ్లు అయిపోయేవి. ఇంటివాళ్లకు మెసేజ్ పెడితే మర్నాడు సాయంత్రానికి జవాబొచ్చింది. బకెట్, మగ్గు మేమే కొన్నాం. జూన్‌లోనూ నేల చల్లగా జివ్వుమంది, నాన్న సాక్సులు విప్పలేదు. బెడ్రూం వాళ్లకిచ్చి మేం సోఫా బెడ్ మీద సర్దుకున్నాం. నా నడుం పట్టేసింది. ఆ ఇల్లు ఇద్దరికి సరిపోతుంది, నలుగురికి ఇరుకే.

కోట ఎత్తు ఎక్కలేక నాన్న సగంలో ఆగిపోయారు. రాయల్ బొటానిక్ గార్డెన్ మాత్రం మా ఇంటికి దగ్గర, తోటకు టికెట్ లేదు, రెండుసార్లు వెళ్లాం. వాటర్ ఆఫ్ లీత్ అనే చిన్న నది పక్కన డీన్ విలేజ్ దాకా నడక ఇంకా నచ్చింది. మళ్లీ వెళ్తే పెద్దవాళ్లకు ఇలాంటి వాటానే తీసుకుంటాను. మాకు పక్క వీధిలో వేరే గది చూసుకుంటాం, వీధి గుమ్మం దగ్గర మెట్లెన్నో కూడా అడుగుతాను. ఆగస్టులో మాత్రం వెళ్లం, అక్కడి కళా ఉత్సవాల రద్దీకి అద్దెలు బాగా పెరుగుతాయి.