కెనడా సైనికుల ఫైళ్ళ సైట్ చూశా, 5కి 4 ఇస్తా

లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా అని అక్కడి గవర్నమెంటుది ఒక సైట్ ఉందండి, మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ సైన్యంలో చేరినోళ్ళ సర్వీస్ ఫైళ్ళు దాదాపు 6,22,000 స్కాన్ చేసి పెట్టారు, 2018కి పని పూర్తయింది. పైసా కట్టక్కర్లా, ఓటీపీ గోల లేదు, నెల్లూరులో ఇంట్లో కూర్చుని ఎవురి ఫైల్ అయినా తెరిచి చదువుకోవచ్చు.

మా అక్క కొడుకు కెనడాలో కిచనర్ అనే ఊళ్ళో చదువుతా ఉండాడు. అక్కడ మౌంట్ హోప్ శ్మశానంలో ఒక సిక్కు సైనికుడి సమాధి ఉందని, ఏటా నవంబర్‌లో జనం వచ్చి దండం పెట్టి పోతారని వాడే చెప్పాడు. ఆయన పేరు బుక్కం సింగ్. పంజాబులో మాహిల్‌పూర్‌లో 1893లో పుట్టి, 1907లో పిల్లోడుగా ఉండగానే కెనడా పడమటి తీరంలో ఉండే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి పోయాడు. చిన్నప్పుడే పెళ్ళయింది కానీ భార్యని పిలిపించుకునే దారే లేకపోయింది, ఎందుకంటే సొంత దేశం నుంచి యాడా ఆగకుండా ఒకే టిక్కెట్టు మీద వచ్చినోళ్ళనే రానిస్తామని 1908లో రూలు పెట్టారు, ఇండియా నుంచి అట్ట నేరుగా పోయే ఓడలే అప్పుడు లేవు, మనోళ్ళని ఆపడానికే ఆ రూలు. ఆ బ్రిటిష్ కొలంబియా అయితే మనోళ్ళకి ఓటు కూడా తీసేసిన రాష్ట్రం. అయినా 1915లో పోయి సైన్యంలో చేరాడు చూడండి, నాకైతే అక్కడే గొంతు పట్టేసింది. కెనడా 20వ బెటాలియన్‌తో బెల్జియం వైపు ఫ్లాండర్స్ యుద్ధానికి పోయాడు, 1916లో రెండుసార్లు గాయపడ్డాడు, ఆ తర్వాత టీబీ పట్టుకుని 1919లో కిచనర్‌లోనే పోయాడు, పాతికేళ్ళు. పక్కన అయినోళ్ళు ఒక్కరు లేరు. ఆయన మెడల్ ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంగ్లండులో ఒక తాకట్టు కొట్లో బయటపడబట్టి ఈ కథంతా తెలిసింది.

ఈ ఫైళ్ళలో ముందుగా చూడాల్సింది చేరేటప్పుడు నింపిన ఫారం. పేరు, దగ్గరి బంధువు అడ్రస్, చేసే పని, ఎత్తు, ఛాతీ కొలత, టీకా వేయించుకుంటావా అనే ప్రశ్న, కింద సంతకం. మతం దగ్గర క్రైస్తవ శాఖలన్నీ వరసగా అచ్చేసి ఉంటాయి, యూదులకీ ఒక లైన్ ఉంది, సిక్కులకి లేదు, ఇతరులు అనే చోట రాసుకోవాల్సిందే. తర్వాత ఆస్పత్రి కాగితాలు, జీతం లెక్కలు. మామూలు సిపాయికి రోజుకి ఒక డాలరు, పైన పది సెంట్లు బత్తా. జనరల్స్ గురించి పుస్తకాలు బోలెడు ఉన్నాయి, ఇట్టాంటి కూలీనాలీ చేసుకునే మనిషి బతుకు తేదీలతో సహా కనపడేది ఈ కాగితాల్లోనే.

ఇబ్బందులు కూడా చెప్పాలి గదా. ఫైళ్ళు పెద్దవి, ఫోన్‌లో నిదానంగా తెరుచుకుంటాయి, కంప్యూటర్ ఉంటే మేలు. చేతిరాత, మిలిటరీ పొడి అక్షరాలు అలవాటయ్యేదాకా తల తిరుగుద్ది. మన పేర్లని ఇష్టమొచ్చినట్టు రాసి పెట్టారు కాబట్టి రెజిమెంటల్ నంబర్ (సైన్యంలో ఆ మనిషికిచ్చిన నంబర్) తెలిస్తే దాంతోనే వెతకండి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే రెండో ప్రపంచ యుద్ధానివి చనిపోయినోళ్ళ ఫైళ్ళే అందరికీ తెరిచి పెట్టారు, బతికొచ్చినోళ్ళవి కావాలంటే విడిగా అర్జీ పెట్టుకోవాలి.