నేల మీది పోరు: కొన్నేళ్ల సాధన తర్వాత నా సమీక్ష

ఆత్మరక్షణ కోసం కొన్నేళ్లుగా బ్రెజిలియన్ జుజుట్సు (ఎదుటివాణ్ణి నేల మీద పట్లతో లొంగదీసే విద్య), దాంతోపాటు కొంత జూడో సాధన చేస్తున్నాను. నేల మీది పోరు తప్పకుండా నేర్చుకోవాలనే అంటాను. కాకపోతే కింద పడి గెలవడానికి కాదు, కింద నుంచి లేచి బయటపడటానికి.

ఇందులో నాకు బాగా నచ్చింది నిజంగా ప్రతిఘటించే మనిషితో సాధన చేయగలగడం. గుద్దులు, తన్నులు పూర్తి బలంతో రోజూ సాధన చేస్తే ఒళ్లు హూనమవుతుంది. పట్లలో ఆ చిక్కు తక్కువ. ఓర్చుకోలేకపోతే చేత్తో తడితే చాలు, ఎదుటివాళ్లు వదిలేస్తారు. 1882లో జూడోకు పునాది వేసిన జిగోరో కానో కూడా రందోరి అనే ఇలాంటి సాధనకే పెద్దపీట వేశారు. కొత్తలో ఎవరైనా ఛాతీ మీదెక్కి కూర్చుంటే ఎవరికైనా ఊపిరాడదు, బుర్ర పనిచేయదు. పోనుపోను అదే బరువు కింద నిదానంగా ఊపిరి తీసుకుంటూ, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, నడుము ఎగరేసి పక్కకు దొర్లించడం అలవాటవుతుంది. ఆ నిబ్బరమే నాకు అన్ని పట్లకన్నా విలువైనది.

1993లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో, అంటే రకరకాల పోరాట విద్యలవాళ్లు తలపడే పోటీలో, బ్రెజిలియన్ జుజుట్సు యోధుడు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను లొంగదీశాక ఈ విద్యకు పేరొచ్చింది. అక్కడ ప్రత్యర్థి ఒక్కడే, చేతిలో ఆయుధం లేదు, ఆపడానికి రెఫరీ ఉన్నాడు. రోడ్డు మీద ఇవేవీ ఉండవు. మనం ఒకడి చెయ్యి మెలితిప్పుతుంటే వాడి తోడొచ్చినవాడు తల మీద తన్నొచ్చు, కత్తి బయటికి రావొచ్చు. అందుకే వెల్లకిలా పడుకుని అవకాశం కోసం కాచుకునే పోటీ అలవాటు నాకు ప్రమాదకరంగా అనిపిస్తుంది.

ఎక్కువ ఉపయోగమనిపించినవి చాలా మామూలువి. వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి తల కాపాడుకోవడం, నడుము జరిపి కింద నుంచి తప్పుకోవడం, ఒక చెయ్యి నేలకు ఆనించి ఎదుటివాణ్ణి కాలితో దూరంగా ఉంచుతూ లేవడం. వెనక నుంచి వేసే మెడపట్టు సరిగ్గా పడితే మెదడుకు రక్తం అందక సుమారు పది సెకన్లలోనే స్పృహ పోతుంది. ఆ తర్వాత కూడా వదలకపోతే ప్రాణం మీదికొస్తుంది. దీన్ని నేర్పేవాళ్లు ఎప్పుడు వదలాలో కూడా నేర్పాలి.

చేరే ముందు ఒక తరగతి చూడండి. పట్లతోపాటు గుద్దుల నుంచి కాచుకోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా లేచి నిలబడటం సాధన చేయించకపోతే అక్కడ మంచి ఆట వస్తుంది, ఆత్మరక్షణ మాత్రం సగమే వస్తుంది.