ఆగి ఉన్న కారులో డ్యాష్‌క్యామ్‌ని దూరం నుంచి లేపాలంటే: ఏ దారి మేలు?

సెల్లార్‌లో పెట్టిన కారుకి ఎవరో బంపర్ గీరి వెళ్లారు. మీరు పైన అయిదో అంతస్తులో ఉన్నారు. కిందికి దిగి, కారు తాళం తీసి, గోరుతో నొక్కి మైక్రో ఎస్‌డీ కార్డు బయటికి లాగి, అడాప్టర్ వెతుక్కుని ల్యాప్‌టాప్‌లో పెట్టడం ఎవరికైనా విసుగే. ఇంట్లో వై‑ఫై ఉంది, కారు ముందు అద్దానికి అతికించిన డ్యాష్‌క్యామ్ కెమెరాలోనూ వై‑ఫై ఉంది. మరి సోఫాలో కూర్చునే కెమెరాని లేపి క్లిప్పులు లాగేసుకోలేమా?

లాక్కోవచ్చు, కానీ ఒక చిక్కుంది. ఆఫ్ అయిన కెమెరాలో వై‑ఫై కూడా ఆఫే. ఇంట్లో డెస్క్‌టాప్‌ని నెట్‌వర్క్ ద్వారా నిద్ర లేపినట్టు దీన్ని లేపలేం. డెస్క్‌టాప్ పడుకున్నా దాని నెట్‌వర్క్ కార్డుకి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. డ్యాష్‌క్యామ్‌కి ఇగ్నిషన్‌తో పాటే కరెంటు పోతుంది. కాబట్టి కారులో రాత్రంతా ఎవరో ఒకరు వాచ్‌మన్‌లా మేలుకుని ఉండాలి. ఆ వాచ్‌మన్ కెమెరాయే కావచ్చు, చిన్న చిప్ కావచ్చు, 4జీ మోడెమ్ కావచ్చు. వాటికి బ్యాటరీ ఎంత జీతం ఇచ్చుకోవాలన్నదే అసలు లెక్క.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. కెమెరా నిద్రపోతుంటే ఆ సమయంలో రికార్డింగ్ కూడా జరగదు. రాత్రి రెండింటికి గీత పడితే, తెల్లారి కెమెరాని లేపినా దొరికేది నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన ప్రయాణం వీడియోనే. లేపడం వల్ల లాభం రెండు సందర్భాల్లోనే ఉంది: బ్యాకప్ కాని పాత క్లిప్ అర్జెంటుగా కావాల్సి వచ్చినప్పుడు, లేదా కుదుపు తగిలినప్పుడు తనంతట తాను లేచి రికార్డు చేసి మళ్లీ పడుకునే కెమెరా అయినప్పుడు.

కెమెరానే మేల్కొలిపి ఉంచడం

కార్ డెకార్స్ షాపులో అడిగితే ముందు చెప్పేది ఇదే: హార్డ్‌వైర్ కిట్ వేయించుకోండి సార్, పార్కింగ్ మోడ్ పెట్టేస్తాం. అంటే ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా కెమెరాకి కరెంటిచ్చి, కారు ఆగి ఉన్నా రికార్డు చేసేలా పెట్టడం. చాలా కిట్లలో మూడు వైర్లుంటాయి. పసుపు ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజ్‌కి, ఎరుపు ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజ్‌కి, నలుపు బాడీకి. వైరింగ్ కోయకుండా ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ స్లాట్‌లో గుచ్చి కరెంటు తీసుకునే అడాప్టర్) చేయమని గట్టిగా చెప్పండి, తర్వాత వారంటీ దగ్గర వాదనలు తగ్గుతాయి.

వై‑ఫై ఆన్‌లో ఉన్న కెమెరా సుమారు 4 వాట్లు తింటుందనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది 0.33 ఆంపియర్. పన్నెండు గంటల రాత్రికి 4 ఆంపియర్‌అవర్లు. చిన్న పెట్రోలు కారులో మామూలుగా వచ్చేది 35 ఆంపియర్‌అవర్ల బ్యాటరీ. ఒక రాత్రికి తట్టుకుంటుంది. శుక్రవారం రాత్రి పెట్టిన కారు సోమవారం పొద్దున తీస్తే మాత్రం 20 ఆంపియర్‌అవర్లు పోయినట్టే. కారు బ్యాటరీ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పుట్టింది, ఇన్వర్టర్ బ్యాటరీలా రోజూ లోతుగా ఖాళీ కావడానికి కాదు. కిట్‌లో 11.8, 12.0, 12.2, 12.4 వోల్టుల్లో కటాఫ్, అంటే బ్యాటరీ అంతకు పడితే కెమెరాకి కరెంటు ఆపేసే హద్దు, పెట్టుకునే వీలుంటుంది. 12.2 కన్నా కింద పెట్టొద్దు. ఆ వోల్టేజికే లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు సగం ఖాళీ అయినట్టు. డెకార్స్ కుర్రాడు ఎక్కువసేపు రికార్డు అవుతుందని 11.8 దగ్గర వదిలేస్తే, ఆ పార్కింగ్ మోడ్ ఒక రోజు మీ చేత కారు తోయిస్తుంది.

ఎండాకాలం ఇంకో తలనొప్పి. మే నెలలో ఆరుబయట పెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో అద్దానికి అతుక్కుని పగలంతా పనిచేసే కెమెరా, కార్డు ఎక్కువ కాలం నిలవవు. లోపల లిథియం బ్యాటరీ కాకుండా వేడిని మెరుగ్గా తట్టుకునే సూపర్ కెపాసిటర్ ఉన్న మోడలే తీసుకోవాలి. విడిగా డ్యాష్‌క్యామ్ కోసమే అమ్మే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాక్ పెట్టుకుంటే కారు బ్యాటరీ బాధ తీరుతుంది, కానీ కొన్నిసార్లు ప్యాక్ ధర కెమెరా ధరని మించుతుంది.

అసలు పడుకోకముందే పని కానివ్వడం

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇది, ఇందులో లేపడమే లేదు. కారు ఆపాక ఓ ముప్పావు గంట కెమెరాకి కరెంటు ఉంచి, తర్వాత తీసేయడం. కొన్ని కెమెరాల సెట్టింగ్స్‌లోనే పార్కింగ్ టైమర్ ఉంటుంది. లేకపోతే 12 వోల్టుల డిలే టైమర్ రిలే (పెట్టిన సమయం తర్వాత కరెంటు తీసేసే చిన్న స్విచ్) కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ముప్పావు గంటకి అయ్యే ఖర్చు 0.25 ఆంపియర్‌అవర్, బ్యాటరీకి ఇది లెక్కే కాదు.

ఆ ముప్పావు గంటలో ఏం వస్తుందో చూద్దాం. 1080పీ వీడియో నిమిషానికి 100 ఎంబీ పైచిలుకు, గంటకి 6 నుంచి 7 జీబీ. 4కే అయితే దానికి రెట్టింపు. గోడలు, స్లాబ్ దాటి సెల్లార్‌కి చేరిన 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నిజంగా ఇచ్చే వేగం 15 ఎంబీపీఎస్ ఉంటే అదృష్టం. అంటే గంట ప్రయాణం కాపీ కావడానికి గంట పడుతుంది. కారు పక్కనే 5 గిగాహెర్ట్జ్ యాక్సెస్ పాయింట్ (వై‑ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) ఉంటే అదే పని పది నిమిషాల్లో అయిపోతుంది.

అందుకే మొత్తం లాగాలనే ఆశ వదిలేసి కావలసినవే ముందు లాగాలి. బ్లాక్‌వ్యూ కంపెనీ కెమెరాల్లో ఫైలు పేరులోనే ఆ సంగతి ఉంటుంది: తేదీ, సమయం, ఆ వెనక ఒక అక్షరం. ఎన్ అంటే మామూలు రికార్డింగ్, ఇ అంటే కుదుపు, పి అంటే పార్కింగ్, ఎం అంటే మీరే బటన్ నొక్కింది. దాని పక్కనున్న ఎఫ్, ఆర్ ముందు కెమెరాకి, వెనక కెమెరాకి గుర్తులు. వీటిలో క్లౌడ్ సదుపాయం ఉన్న మోడళ్లు ఇంటి వై‑ఫైకి తామే కనెక్ట్ అవుతాయి, లోపలి ఫైళ్ల జాబితాని మామూలు వెబ్ పేజీలా ఇస్తాయి. ఆ జాబితా చూసి ఫైళ్లు తెచ్చుకునే బ్లాక్‌వ్యూసింక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద గానీ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) మీద గానీ పెట్టేస్తే అదే చూసుకుంటుంది, ఏ రకం ఫైళ్లు ముందు తేవాలో కూడా చెప్పొచ్చు. కుదుపు క్లిప్పులు అయిదు ఉన్నాయనుకుంటే 550 ఎంబీ. సెల్లార్ వేగంతో కూడా అయిదు నిమిషాల పని. ఒక జాగ్రత్త: కెమెరా ఆ జాబితా ఇవ్వడానికి పాస్‌వర్డ్ అడగదు. కాబట్టి ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఇచ్చే వై‑ఫైలో దాన్ని పెట్టొద్దు.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే తక్కువ ధర కెమెరాలతో చిక్కేమిటంటే, అవి ఇంటి వై‑ఫైలోకి రావు. అవే ఒక హాట్‌స్పాట్ పెడతాయి, ఫోనే వాటి దగ్గరకు వెళ్లాలి. నోవాటెక్ చిప్ ఉన్నవైతే 192.168.1.254 అడ్రస్‌లో పలుకుతాయి. అలాంటప్పుడు రాస్ప్‌బెర్రీ పైని పార్కింగ్‌కి దగ్గరగా పెట్టి, దాన్నే కెమెరా హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేయించాలి. ఫైళ్లు లాగుతున్నంతసేపు రికార్డింగ్ ఆగిపోయే కెమెరాలు కూడా ఉన్నాయి. కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి మెగాపిక్సెళ్లు కాదు, అది ఇంటి రౌటర్‌కి కనెక్ట్ అవుతుందా లేదా అన్నది.

చిన్న చిప్‌కి కాపలా అప్పగించడం

చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లకి ఇదే ముద్దు. ఈఎస్‌పీ32 అనే వై‑ఫై ఉన్న చిన్న చిప్ బోర్డు ఒకటి, రిలే ఒకటి, 12 వోల్టుల్ని 5 కి దించే కన్వర్టర్ ఒకటి. చిప్ గాఢనిద్రలో ఉంటుంది, ప్రతి అయిదు నిమిషాలకి ఓసారి లేచి ఇంటి సర్వర్‌ని పనేమైనా ఉందా అని అడుగుతుంది. ఉందంటే రిలే వేస్తుంది, కెమెరా ఆన్ అవుతుంది, కాపీ అయ్యాక ఆపేస్తుంది. నిజంగా దూరం నుంచి లేపడమంటే ఇదే.

కాగితం మీద లెక్క అందంగా ఉంటుంది. గాఢనిద్రలో చిప్ తాగేది 10 మైక్రోఆంపియర్లు. అయిదు నిమిషాలకోసారి మూడు సెకన్ల పాటు 100 మిల్లీఆంపియర్లు తీసుకున్నా సగటున 1 మిల్లీఆంపియర్. దెబ్బ కొట్టేది కన్వర్టర్. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నీలం రంగు ఎల్‌ఎం2596 బోర్డు ఏ పనీ లేకుండానే 5 నుంచి 10 మిల్లీఆంపియర్లు తాగుతుంది. నెలకి 7 ఆంపియర్‌అవర్ల దాకా దాని పొట్టకే. చిప్ నిద్రపోతూ మిగిల్చినదంతా ఈ బోర్డు మింగేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు మైక్రోఆంపియర్లలో నడిచే కన్వర్టర్ వెతికి కొనాలి. మీ కారు లాక్ చేశాక అలారం, రిమోట్ రిసీవర్ లాంటివాటికి ఎలాగూ 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు లాగుతూ ఉంటుంది, దాని మీద ఇది అదనపు బరువు. పైగా స్టార్ట్ చేసేటప్పుడు కారు కరెంటులో వచ్చే ఎగుడుదిగుళ్లకి బల్ల మీద బాగా పనిచేసిన బోర్డు కాలిపోవచ్చు. ఫ్యూజ్ లేకుండా దీన్ని డ్యాష్‌బోర్డు వెనక దాచడం మాత్రం వద్దే వద్దు.

ఇంత చేసినా ఇది ఇంటి వై‑ఫై అందే చోటే పనికొస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో వదిలిన కారుని ఇది లేపలేదు.

4జీ కెమెరా

అలా ఇంటికి దూరంగా వదిలిన కారులో కెమెరాని లేపగలిగేది సిమ్ వేసుకునే 4జీ కెమెరా ఒక్కటే. కుదుపు తగలగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, యాప్ తెరిచి లైవ్ చూడొచ్చు, అవసరమైన క్లిప్ క్లౌడ్‌లోకి వెళ్తుంది. కారునే ఎత్తుకెళ్తే కెమెరా, కార్డు దానితోనే పోతాయి, అప్పుడు మీ చేతిలో మిగిలేది క్లౌడ్‌లోకి చేరిన క్లిప్ మాత్రమే. ఈ ఒక్క విషయంలో మిగతా దారులేవీ దీనికి సాటి రావు.

కానీ దీన్ని మొత్తం వీడియో బ్యాకప్‌కి వాడదామంటే కుదరదు. రోజుకి 1.5 లేదా 2 జీబీ ఇచ్చే ప్లాన్ పావుగంట వీడియోకే అయిపోతుంది. కోటా దాటాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతే ఒక నిమిషం క్లిప్ వెళ్లడానికి దాదాపు నాలుగు గంటలు. సిమ్‌కి రీఛార్జ్ మర్చిపోయారా, వాచ్‌మన్ డ్యూటీ మానేసినట్టే. రెండో సెల్లార్‌లో సిగ్నల్ లేకపోయినా అంతే.

అమెరికాలో టెస్లా ఉన్నవాళ్లకి

అక్కడ ఈ కథ వేరు. కెమెరాలు కారులోనే ఉంటాయి, పెద్ద బ్యాటరీ కాబట్టి సెంట్రీ మోడ్ (ఆగి ఉన్న కారు చుట్టూ కెమెరాలు కాపలా కాసే సదుపాయం) ఆన్‌లో పెట్టి వదిలేస్తారు. దానికి గంటకి సుమారు మైలు రేంజ్ ఖర్చు. క్లిప్పులు గ్లవ్‌బాక్స్‌లోని యూఎస్‌బీ డ్రైవ్‌లో పడతాయి. టెస్లాయూఎస్‌బీ అనే ప్రాజెక్టులో ఆ డ్రైవ్ స్థానంలో రాస్ప్‌బెర్రీ పైని పెడతారు. కారు దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుంటుంది, అది మాత్రం గ్యారేజీలోకి రాగానే ఇంటి సర్వర్‌కి అన్నీ పంపేస్తుంది. అయితే కారు నిద్రలోకి జారుకుంటే యూఎస్‌బీ కరెంటు పోయి కాపీ మధ్యలో ఆగుతుంది. అందుకని ఆ రాస్ప్‌బెర్రీ పై బోర్డే బ్లూటూత్ ద్వారా కారుని మధ్యమధ్యలో తట్టి మెలకువగా ఉంచుతుంది. మన కార్లలో మనం తంటాలు పడి అమర్చుకునేది అక్కడ సాఫ్ట్‌వేర్‌లోనే అయిపోతోంది, కొంచెం కుళ్లుగానే ఉంటుంది.

ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ రోజూ కారు తీసేవాళ్లకి ముప్పావు గంట టైమర్ చాలు. రాత్రి పూట గీతల భయం ఉంటే, కుదుపుకి లేచే తక్కువ కరెంటు పార్కింగ్ మోడ్ ఉన్న కెమెరా తీసుకుని, లేచాక కొన్ని నిమిషాలు వై‑ఫై ఆన్‌లో ఉంటుందేమో చూసుకోండి. నెలకి సగం రోజులు ఊళ్లు తిరిగేవాళ్లు, క్యాబ్‌లు నడిపించేవాళ్లు 4జీకి డబ్బు పెట్టొచ్చు. ఈఎస్‌పీ32 దారి సరదా ఉన్నవాళ్లదే. ఇంట్లోవాళ్లు నడిపే కారులో అది పెట్టి, పొద్దున్నే స్టార్ట్ కాకపోతే తిట్లు ఎవరికి పడతాయో చెప్పక్కర్లేదు. రోజంతా ఆన్‌లో ఉంచే మొదటి పద్ధతిని విడి బ్యాటరీ ప్యాక్ లేకుండా నేను ఎవరికీ చెప్పను.

ఏ దారిలో కాపీ వచ్చినా, ప్రమాదం జరిగిన క్లిప్ ఉన్న కార్డుని తీసి దాచేయండి, మళ్లీ రికార్డింగ్‌కి వాడొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం కోర్టుకి ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి గుర్తు) రాయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది కాబట్టి దాని హ్యాష్ అసలు ఫైలుతో కలవదు. ఫైలు వచ్చిన వెంటనే ఎస్‌హెచ్‌ఏ‑256 పద్ధతిలో హ్యాష్ లెక్కగట్టి పక్కన రాసిపెట్టమని రాస్ప్‌బెర్రీ పైకి ఒక్క లైన్‌లో చెప్పొచ్చు.

ఇవన్నీ కొనేముందు ఖర్చులేని పని ఒకటుంది. కారు మామూలుగా పెట్టే చోటే పెట్టి, అద్దాలు ఎక్కించి, ఫోన్‌ని కెమెరా ఉండే చోట ముందు అద్దానికి ఆనించి ఇంటి వై‑ఫై మీద స్పీడ్ టెస్ట్ చేయండి. పక్క స్లాట్లలో కూడా కార్లు ఉండే రాత్రి వేళ చేయండి. 10 ఎంబీపీఎస్ కూడా రాకపోతే ముందు సెల్లార్ మెట్ల దగ్గర ఒక యాక్సెస్ పాయింట్ పెట్టుకోండి, కెమెరా సంగతి ఆ తర్వాత చూడొచ్చు.