పదేళ్లు దాటిన జర్మన్ సెడాన్‌తో అనంతపురంలో: ఏం పోయింది, ఎంత అయింది

నా దగ్గరున్నది రెండు లీటర్ల డీజిల్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న చిన్న లగ్జరీ సెడాన్. నాలుగేళ్ల బండిగా బెంగళూరులో కొన్నాను. ఇప్పుడు పదేళ్లు దాటింది, మీటరు లక్షా 30 వేలు దాటింది. కంపెనీ పేరు రాయను. ఈ తరగతి జర్మన్ బండ్లు ఏవి తీసుకున్నా వయసు మీద పడ్డాక రోగాలు ఇంచుమించు ఇవే.

ముందు ఒక లెక్క. కొత్తలో ఇది రోడ్డు మీదికి వచ్చేసరికి 40 లక్షల బండి. నాకు సగం కంటే తక్కువకే వచ్చింది. (ఎన్‌ఓసీ తెచ్చుకుని ఆంధ్రాలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టింది వేరే.) ఇప్పుడు అమ్మితే ఏడెనిమిది లక్షలు వస్తే గొప్ప. బండి ధర ఇట్లా పడిపోతూనే ఉంటుంది గానీ, స్పేర్ పార్టుకు మాత్రం అది ఎప్పటికీ 40 లక్షల బండే. పైగా ఏటా ఇంకాస్త పెరుగుతుంది. ‘ఇన్నోవా ధరకే లగ్జరీ కారు’ అని మురిసిపోయేవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి.

మా రోడ్ల మీద ముందు పోయేది సస్పెన్షన్. ముందు చక్రాలను బండికి కలిపే లోయర్ ఆర్మ్‌లలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. మే నెలలో 43 డిగ్రీల ఎండ, దుమ్ము, లెక్కాపత్రం లేని స్పీడ్ బ్రేకర్లు కలిసి వాటిని చీల్చేస్తాయి. మొదట స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ‘టక్’ మంటుంది. తర్వాత హైవే మీద బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. బెంగళూరులో కంపెనీ సర్వీస్ సెంటర్ రెండు వైపులకూ ఇచ్చిన ఎస్టిమేట్ 80 వేలకు పైనే. అదే పని బెంగళూరులోనే స్పేర్ పార్టుల బజారు జేసీ రోడ్డులో పార్టులు కొని బయట గ్యారేజీలో చేయిస్తే 38 వేలలో అయింది. తెచ్చింది నకిలీ కాదు. ఆర్మ్‌లు చేసేది లెమ్‌ఫోర్డర్ లాంటి తయారీదారులు. కారు కంపెనీ డబ్బాలో వచ్చేదీ, తయారీదారు సొంత డబ్బాలో వచ్చేదీ చాలాసార్లు ఒకే వస్తువు, లోగో ఒక్కటే తేడా. ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తీసుకుని, ఆ నంబరు చూపించి కొనాలి. ‘ఇది సెట్ అయిపోతుంది సార్’ అన్న చోట కొనొద్దు.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019 నుంచీ ట్రైలర్ల నిండా కొత్త కార్లు పోతుంటాయి. వాటి పక్కనుంచే నేను ఒక బుష్ కోసం 200 కిలోమీటర్లు పోయి వస్తుంటాను. పెట్రోల్ బంకులో ఎవరన్నా ‘మంచి బండి సార్’ అంటే అందుకే నవ్వి ఊరుకుంటా.

టైర్ల సంగతి. కంపెనీ ఇచ్చేవి రన్‌ఫ్లాట్లు, స్టెప్నీ ఉండదు. గాలి పోయినా 80 వేగం లోపు ఒక 80 కిలోమీటర్లు నడుస్తాయి. తాడిపత్రి దాకా చేరొచ్చు, చేరాక ఆ సైజు టైరు అక్కడ ఎవరిస్తారు? ఒక్కోటి 20 వేల చుట్టుపక్కల ఉంది. రెండు రన్‌ఫ్లాట్ల డబ్బుకు నాలుగు మామూలు టైర్లు వచ్చాయి. డిక్కీలో స్టెప్నీ, జాకీ పెట్టుకున్నా. డిక్కీ సగం పోయింది, కానీ రన్‌ఫ్లాట్ల గట్టిదనం పోయి నడుముకు సుఖం వచ్చింది.

నిజంగా టెన్షన్ పెట్టింది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ఈ ఇంజిన్లలో కూలెంట్ పైపుల కనెక్టర్లు, ట్యాంకు అన్నీ ప్లాస్టిక్కే. ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి, ఒకరోజు సన్నగా చీలతాయి. నాకు కొడికొండ చెక్‌పోస్ట్ దాటాక లైటు వెలిగింది. ఇంకో పది కిలోమీటర్లు లాగుదాం అనుకునే చోటు కాదది. ఇంజిన్ హెడ్ అల్యూమినియం, వేడెక్కితే వంగుతుంది. అప్పుడు బిల్లు లక్షల్లోనే. ఇంజిన్ ఆపి, బండిని మొత్తంగా పైకెక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించా. వెనక చక్రాల ఆటోమేటిక్‌ను ముందు చక్రాలెత్తి హుక్కుతో లాగనివ్వొద్దు, గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. ఫ్లాట్‌బెడ్‌కు 11 వేలు. పైపు, థర్మోస్టాట్, కూలెంట్, లేబర్ కలిపి 27 వేలు. ఇప్పుడు ఎండాకాలం ముందు ఆ పైపులు తడిమి చూడకుండా హైవే ఎక్కను.

గేర్‌బాక్స్ ఆయిల్ ‘లైఫ్‌టైమ్’ అని సర్వీస్ సెంటర్లో చెప్తారు. ఆ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యగానీ, ఎనిమిదేళ్లకుగానీ మార్చమంటుంది. నేను తయారుచేసినవాడి మాటే విన్నాను. ఫిల్టరు, ఆయిల్ పాన్ ఒకే ప్లాస్టిక్ ముక్కగా వస్తాయి కాబట్టి పాన్ మొత్తం మార్చాల్సిందే. 46 వేలు అయింది. రెండో గేరు నుంచి మూడుకు పోయేటప్పుడు తగిలే కుదుపు ఆ రోజుతో పోయింది. ఈ బండి మీద పెట్టిన డబ్బుల్లో నాకు నొప్పి తెలియనిది ఇదొక్కటే.

మిగతావి చిల్లర రోగాలు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ కారుతుంది, గ్యాస్కెట్ వందల్లో, లేబర్ వేలల్లో. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిప్పితే పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది. బ్యాటరీ ఏజీఎం రకం, 24 వేలు. అది మార్చాక కంప్యూటర్‌కు ‘కొత్తది వేశాం’ అని చెప్పాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. బీమాలో జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చేది) ఈ వయసు బండికి దొరకడం కష్టం.

ఇక్కడ మా మెకానిక్ భాయ్ మొదటి రోజే చెప్పేశాడు: "సామీ, నట్టు బోల్టు పనేదైనా నేను చేస్తా. కంప్యూటర్ పని మాత్రం నన్నడగొద్దు." ఆ మాటతోనే నాకు దారి దొరికింది. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్, ఫిల్టర్లు అనంతపురంలో. కోడింగ్ (బండి కంప్యూటర్ సెట్టింగుల పని), గేర్‌బాక్స్ బెంగళూరులో. మూడు వేలు పెట్టి కొన్న స్కానర్ ఫోన్‌కు కలిపితే ఏ ఎర్రరో ముందే తెలుస్తుంది. ఎర్రర్ కోడ్ చేతిలో పెట్టుకుని గ్యారేజీకి పోయేవాడికీ, ‘ఏదో లైటు వస్తోంది’ అని పోయేవాడికీ బిల్లులో చాలా తేడా ఉంటుంది.

అన్నీ కలిపితే, డీజిల్, బీమా కాకుండా సగటున ఏడాదికి లక్ష దాకా పోతోంది. ఎందుకు ఉంచుకున్నావని ఇంట్లో అడుగుతూనే ఉంటారు. 44వ నంబరు హైవే మీద వంద వేగంలో ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర నిశ్శబ్దంగా తిరుగుతుంది, లీటరుకు 17 దాకా ఇస్తుంది, లారీ పక్కనుంచి పోయినా బండి కదలదు. నా జవాబు అంతే. వాళ్లు ఒప్పుకోలేదు.

ఒక్క భయం మిగిలుంది: టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ లోపల వాల్వులను వేళకు తెరిపించే గొలుసు. ఈ ఇంజిన్లో అది గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, చేరుకోవాలంటే గేర్‌బాక్సో ఇంజినో దించాల్సిందే. రెండు లక్షల పైమాట. నా బండికి ఆ రోగం ఇంకా రాలేదు, వస్తే చేయించను, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేస్తా. ఇలాంటిది కొనాలని చూసేవాళ్లు పొద్దున్నే, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజిన్ మీద స్టార్ట్ చేయించి వినండి. వెనక వైపు నుంచి గొలుసు రాపిడి లాంటి చప్పుడు వస్తే వదిలేయండి. మీరు పోయేసరికే ఓనరు స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే, రేపు మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి.